డిండి ఎక్కడ అని అడిగితే

ముందే చెబుతున్నాను. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. అప్పుడు లేదు, ఇప్పుడూ లేదు. ఇది చదివాక మీకు ఆ నమ్మకం కలిగితే అది నా తప్పు కాదు.

మా నాయిన సిటీ బస్సు కండక్టర్. ఆఖరి ట్రిప్పు ముగించుకుని శ్మశానం గోడ వెంబడి నడిచి ఇల్లు చేరిన రోజులు లెక్కలేనన్ని. మా చిన్నప్పుడు చుట్టాల్లో ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే ఆయన నవ్వేవాడు కాదు, కోప్పడేవాడు. ఆ ఇంట్లో పెరిగినదాన్ని నేను. పైగా చేసేది కంప్యూటర్ల పని. ఒక మెషీన్ పని చేయకపోతే దానికో కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. దొరకలేదంటే మనం సరిగ్గా వెతకలేదని అర్థం. ఇన్నేళ్ళూ అదే నమ్మి బతికాను.

మరి ఇది ఎందుకు రాస్తున్నానంటే, ఈ సంగతి చెప్పినప్పుడల్లా నాకు రెండు రకాల మనుషులు తగిలారు. వినగానే కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టేవాళ్ళు ఒక రకం. "ఏదో పొరపాటుగా చూసుంటావులే" అని జాలిగా నవ్వేవాళ్ళు ఇంకో రకం. ఇద్దరితోనూ వాదించి విసిగిపోయాను. జరిగింది జరిగినట్టు రాసి పెడతాను. ఆ తర్వాత మీ ఇష్టం.

అవి తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులు డిపోలు దాటడం లేదు. బొగ్గు గనుల్లో కూడా పని ఆగిపోయి ఊరంతా కరెంటు కోతలు. నాయిన పొద్దున్నే దిల్‌సుఖ్‌నగర్‌లో డిపో ముందు వేసిన టెంటుకు పోయి, మీటింగులయ్యాక ఇంటికి వచ్చేవాడు. అమ్మ పొలం పనులకని నల్లగొండ దగ్గర మా ఊరికి వెళ్ళింది. మేము మన్సూరాబాద్‌లో ఒక ఇంటి పై వాటాలో కిరాయికి ఉండేవాళ్ళం.

కింద ఇంటివాళ్ళు ఉండేవారు. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు. ఆయన దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో ఎన్నో ఏళ్ళు లెక్కలు చెప్పిన మాస్టారు. సాయంత్రమైతే నాయిన మెట్ల మీద, మాస్టారు వాకిట్లో కుర్చీలో కూర్చుని రాష్ట్రం గురించి వాదించుకునేవాళ్ళు. గొంతులు వీధి చివరి దాకా వినబడేవి. ఆ తర్వాత మాస్టారి భార్య, నేను ఆంటీ అనేదాన్ని, ఇద్దరికీ టీ ఇచ్చేది. ఎల్బీనగర్ చౌరస్తాలో రాస్తారోకో జరిగినప్పుడు రోడ్డు మీద కూర్చున్న నన్ను టీవీలో చూసిందట. అప్పటి నుంచి ఆంటీ నాతో ముక్తసరిగా మాట్లాడేది. నేనూ తగ్గలేదు, ఆమె మాట్లాడినంతే మాట్లాడేదాన్ని.

మాస్టారికి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు మలక్‌పేటలో ఒక సెంటర్‌కు పోయి డయాలసిస్ చేయించుకునేవారు.

నేను మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో సర్వర్లు చూసుకునేదాన్ని. ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీ. మాస్టారు వెళ్ళే డయాలసిస్ సెంటర్, దాని శాఖలన్నీ వాడేది కూడా మా ప్రోగ్రామే. రోగి బరువెంత ఉండాలి, ఒంట్లోంచి ఎంత నీరు తీయాలి, ఏ మందు ఎంత ఇవ్వాలి, ఇవన్నీ మా ఆఫీసులో ఉన్న ఒక సర్వర్‌లో ఉండేవి. మలక్‌పేటలో చేయించుకునే మనిషి ఎల్బీనగర్ సెంటర్‌కు పోయినా అక్కడి కంప్యూటర్‌లో తెరిచి చూసుకోవచ్చు.

నాకు ఆ పని నేర్పినాయన పేరు నర్సింహ. నేను నర్సన్న అని పిలిచేదాన్ని. దేవరకొండ దగ్గర ఊరు, బడంగ్‌పేట్‌లో ఇల్లు. ఆఫీసులో సర్వర్లన్నిటికీ ఆయన మా నల్లగొండ నదులు, వాగుల పేర్లు పెట్టాడు. మూసీ, హాలియా, డిండి. డయాలసిస్ సర్వర్ పేరు డిండి. ఈ పేర్లు మా మేనేజర్‌కు నచ్చేవి కావు. ఉద్యమాన్ని ఆఫీసు బయట పెట్టి రమ్మన్నాడు. వాగుకు పార్టీ ఏముంటది సార్ అన్నాడట నర్సన్న. పేర్లు మారలేదు.

ఆ వానాకాలం నర్సన్నకు డెంగ్యూ వచ్చింది. ఏదో జ్వరమనుకున్నాం. వారం తిరక్కుండానే మనిషి పోయాడు. ఆయనకు నలభై కూడా నిండలేదు.

ఆ తర్వాత మేనేజర్ పేర్లన్నీ మార్పించాడు. డిండికి అక్షరాలూ అంకెలూ కలిపిన ఏదో పేరొచ్చింది. పాత పేర్లు తుడిచేసింది నేనే. మేనేజర్ నా కుర్చీ వెనక నిలబడి, అన్నీ పోయాయో లేదో చూసుకున్నాడు. సమ్మె మొదలవడానికి కాస్త ముందు సర్వర్లను వేరే గదిలోకి మార్చి, వాటి నంబర్లు కూడా కొత్త వరుసలో ఇచ్చారు. అంటే డిండి అనే పేరు బతికున్నప్పుడు ఆ కొత్త నంబర్లు లేవు. కొత్త నంబర్లు వచ్చేనాటికి ఆ పేరూ లేదు, పెట్టిన మనిషీ లేడు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. మిగతాదంతా దీని మీదే ఆధారపడి ఉంది.

కంప్యూటర్ల సంగతి తెలియనివాళ్ళ కోసం ఇంకొక్క మాట. మెషీన్లకు పేర్లు అర్థం కావు, నంబర్లే అర్థమవుతాయి. మనం పేరు కొడితే దాని నంబరు ఎంతో చెప్పడానికి ఒక పెట్టె వేరే ఉంటుంది. ఆ ఏర్పాటునే డీఎన్‌ఎస్ అంటారు. ఇంటి నుంచి పని చేసేటప్పుడు వీపీఎన్ అనే రహస్య దారి వేసుకుని ఆఫీసులోకి వెళ్తాం. ఆఫీసు లోపలి పేర్లు ఆఫీసు పెట్టెకు మాత్రమే తెలుసు. బయటి ఇంటర్నెట్ వాళ్ళను అడిగితే అలాంటి పేరే లేదంటారు.

ఇక ఆ రోజు సంగతి.

బంద్ పిలుపు ఉంది. ఆఫీసుకు సెలవు. అత్యవసరమైతే ఇంటి నుంచి చూసుకొమ్మని నాకు కొత్త ల్యాప్‌టాప్ ఒకటి ఇచ్చారు. విండోస్ బదులు లినక్స్ నేనే వేసుకున్నాను. ఆ ల్యాప్‌టాప్‌ను నర్సన్న చూడనైనా చూడలేదు. అది ఆయన పోయాక కొన్నది.

పొద్దున టిఫిన్ వేళకు ఆంటీ పైకి వచ్చింది. నాతో కాదు, నాయినతో మాట్లాడింది.

"అన్నయ్యగారూ, మొన్న కూడా ఆటోలు లేక ఈయన్ని తీసుకెళ్ళలేకపోయాను. రాత్రి నుంచీ ఆయాసమండీ. పడుకోలేకపోతున్నారు."

మేము కిందికి దిగి చూశాం. మాస్టారి ముఖం ఉబ్బి ఉంది. కాళ్ళు కూడా. రెండు మాటలకొకసారి ఆగి ఊపిరి తీసుకుంటున్నారు. అంబులెన్స్‌కు ఫోన్ చేస్తే ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు. నాయిన పైకి పోయి చొక్కా తొడుక్కుని స్కూటర్ తాళం తీసుకున్నాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో రోడ్డు మూసేశారు కాబట్టి మలక్‌పేట దాకా పోవడం కుదరదని, ఎల్బీనగర్‌లో ఉన్న సెంటర్‌కు తీసుకుపోతానని చెప్పాడు. చౌరస్తాలో ఆపితే ఏం చేస్తారని ఆంటీ అడిగింది.

"నన్నెవరు ఆపుతరమ్మా. ఆడ కూసున్నోళ్ళంత మనోళ్ళే" అన్నాడు నాయిన.

మాస్టారు నాయిన నడుమును రెండు చేతులతో పట్టుకుని వెనక కూర్చున్నారు. స్కూటర్ మలుపు తిరిగేదాకా ఆంటీ గేటు దగ్గరే నిలబడింది. ఒంటరిగా కింద ఉండలేక నాతో పాటు పైకి వచ్చి మంచం అంచున కూర్చుంది. చాలా రోజుల తర్వాత మేమిద్దరం ఒక గదిలో ఉన్నాం.

కొద్దిసేపటికి నాయిన ఫోన్ చేశాడు.

"బిడ్డా, ఈడ కంప్యూటర్ తెరుచుకుంటలేదంట. అండ్ల సారు వివరం చూడకుంట మిషిన్ పెట్టనంటున్నరు. అది మీ కంపెనీదే గదా?"

ఫోన్ అక్కడి టెక్నీషియన్‌కు ఇచ్చాడు. ఆ అబ్బాయి చెప్పింది ఇది. కిందటిసారి డయాలసిస్ చేస్తుండగా మాస్టారి బీపీ పడిపోయిందట. డాక్టర్ మందు మార్చి, తీయాల్సిన నీటి లెక్క కూడా మార్చారు. ఆ కాగితాల ఫైల్ మలక్‌పేటలో ఉంది, అక్కడ ఎవరూ ఫోన్ ఎత్తడం లేదు. బంద్ వల్ల డాక్టర్ రాలేదు. ఫోన్లో అడిగితే, కొత్త లెక్క చూడకుండా మొదలుపెట్టొద్దు, గుండె ఆగిపోవచ్చు అన్నారు. చూద్దామంటే ప్రోగ్రామ్ తెరుచుకోవడం లేదు.

ఏం జరిగిందో నాకు ఊహకు అందింది. ఆఫీసులో కరెంటు పోయి, బ్యాటరీలు అయిపోయి, మళ్ళీ కరెంటు వచ్చాక సర్వర్ లేచి ఉంటుంది. మా ప్రోగ్రామ్ దానంతటది లేవదు, లోపలికి వెళ్ళి లేపాలి. సెంటర్లవాళ్ళు బయటి దారి నుంచి ప్రోగ్రామ్‌ను వాడుకోగలరు గానీ దాన్ని లేపలేరు. అది వీపీఎన్ లోపలి నుంచి నేను చేయాల్సిన పని. ఐదు నిమిషాల్లో చేస్తానని చెప్పి కూర్చున్నాను.

వీపీఎన్ కలిసింది. ఆఫీసు గేటు లాంటి మొదటి మెషీన్‌ను ఉన్నావా అని పలకరించాను. పలికింది. దారి బాగానే ఉంది. సర్వర్ కొత్త పేరు కొట్టాను. అలాంటి పేరు లేదంది.

ఇది లినక్స్ వాడేవాళ్ళకు తెలిసిన తలనొప్పే. పేర్ల గురించి ఎవరిని అడగాలో ఒక చిన్న ఫైల్లో రాసి ఉంటుంది. వీపీఎన్ కలవగానే అందులో ఆఫీసు పెట్టె నంబరు చేరాలి. చాలాసార్లు చేరదు. ఇంటి ఇంటర్నెట్ వాళ్ళ నంబరే ఉండిపోతుంది. తెరిచి చూశాను, అదే జరిగింది. చేత్తో మార్చాను. కాసేపటికే నెట్‌వర్క్ చూసుకునే ప్రోగ్రామ్ వచ్చి మళ్ళీ పాతది రాసేసింది. మళ్ళీ మార్చి, ఈసారి ఎవరూ ముట్టకుండా ఆ ఫైలుకు తాళం వేశాను. ఎప్పుడైనా అక్కడితో గొడవ తీరిపోయేది.

ఈసారి తీరలేదు. ఇంతకుముందు పేరు లేదని వెంటనే జవాబు వచ్చేది. ఇప్పుడు జవాబే లేదు. మధ్యలో ఎవరూ లేకుండా ఆఫీసు పెట్టెను నేరుగా అడిగే కమాండ్ ఒకటుంది. అది వాడాను. కర్సర్ అలా ఆగి ఆగి, చివరికి అడగడానికి ఎవరూ అందలేదని చెప్పింది. ఆ పెట్టెను పలకరించి చూశాను. ఉలుకూ పలుకూ లేదు.

అయితే నంబరు కొట్టి నేరుగా సర్వర్‌లోకి పోవచ్చు కదా అంటారు. పోవచ్చు, నంబరు తెలిస్తే. నంబర్లు మారి ఎన్నో రోజులు కాలేదు. నాకు గుర్తు లేదు. అవి రాసిన మెయిల్ ఆఫీసు లోపలే ఉంది, దాన్ని తెరవాలన్నా పేరే కావాలి. మేనేజర్‌కు ఫోన్ చేశాను. ఆయన పెళ్ళికని విజయవాడ వెళ్ళాడు, ఫోన్ కలవలేదు. ఆఫీసులో ఉన్నది సెక్యూరిటీ గార్డు ఒక్కడే, సర్వర్ గది తాళం అతని దగ్గర ఉండదు.

వరుసగా అన్ని నంబర్లూ తట్టి చూడొచ్చు కదా అని తెలిసినవాళ్ళు అడుగుతారు. తట్టాను. కొన్ని తట్టగానే ఆఫీసుకు కాపలా కాసే ఫైర్‌వాల్ నన్ను దొంగ అనుకుని బయటికి నెట్టింది. వీపీఎన్ మళ్ళీ కలుపుకోవాల్సి వచ్చింది. ఇంకోసారి ఆ పని చేస్తే పూర్తిగా మూసేస్తుంది. దాన్ని అలా పెట్టింది కూడా మేమే.

ఈలోపు మధ్యాహ్నమైంది, నాయిన రెండుసార్లు ఫోన్ చేశాడు. రెండోసారి ఏమీ అడగలేదు. "సారుకు మాట పడిపోతున్నది బిడ్డా, జర సూడు" అని పెట్టేశాడు. పెద్ద దవాఖానకు తీసుకుపోదామంటే అంబులెన్స్ ఇంకా రాలేదట.

ఆంటీ నా ముఖం చూస్తోంది. నేను ఆమె ముఖం చూడలేదు. బయట వీధిలో పిల్లలు జెండాలు పట్టుకుని నినాదాలు చేసుకుంటూ పోతున్నారు. ఎండ కిటికీలోంచి టేబుల్ మీద పడుతోంది. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, అది పట్టపగలు. నేను నిద్రలో లేను. జ్వరం లేదు. భయం కూడా కాదు అప్పుడు నాకున్నది, కోపం. ఆ పిచ్చి పేర్లు పెట్టి, నంబర్లు మార్చి, ఫోన్ ఆపేసుకుని పెళ్ళికి పోయినాయన మీద కోపం. నర్సన్న ఉంటే ఈపాటికి పని అయిపోయేదన్న కోపం.

ఆ కోపంలోనే కొట్టాను. తుడిచేసిన పేరని తెలిసే, వస్తుందనే ఆశ లేకుండానే కొట్టాను. డిండి.

జవాబు వచ్చింది.

ఆలస్యం లేదు. ఎంటర్ మీంచి వేలు తీసేలోపే స్క్రీన్ మీద ఉంది. డిండి, దాని పక్కన ఒక నంబరు. కింద ఆ కమాండ్ ఎప్పుడూ చూపించే రెండు వివరాలు. జవాబు చెప్పింది ఎవరు అన్నచోట మా ఆఫీసు పెట్టె నంబరు. కాసేపటి క్రితం వరకూ పలకని పెట్టె అది. జవాబుకు ఎంత సమయం పట్టింది అన్నచోట సున్నా. వీపీఎన్ మీదుగా మాదాపూర్ పోయి వచ్చే మాటకు ఎంతో కొంత సమయం పట్టాలి. నేను ఆ కమాండ్‌ను ఎన్ని వేలసార్లు వాడానో నాకే తెలియదు. ఆఫీసు నుంచి వచ్చిన జవాబు దగ్గర సున్నా ఎప్పుడూ చూడలేదు. పక్కన కూర్చున్న మనిషి చెప్పినంత వేగంగా వచ్చింది.

అప్పుడు ఇవేమీ ఆలోచించలేదు. ఆ నంబరుతో సర్వర్ తలుపు తట్టాను. మొదటిసారి వెళ్ళే మెషీన్ దగ్గర ఎప్పుడూ అడిగే ప్రశ్నే అడిగింది. ఈ మెషీన్‌ను నేనింతకు ముందు చూడలేదు, నమ్మి ముందుకు పోవాలా అని. పొమ్మన్నాను. నా పాస్‌వర్డ్ తీసుకుంది. లోపలికి వెళ్ళాను. అది డయాలసిస్ సర్వరే. దాని కొత్త పేరే తెర మీద ఉంది. ప్రోగ్రామ్ ఆగిపోయి ఉంది. లేపాను.

ఫోన్ చేసి చూడమన్నాను. టెక్నీషియన్ ఒక్క నిమిషం లైన్లో ఉండమన్నాడు. తర్వాత మాస్టారి పేరు, బరువు, మందు పైకి చదివి వినిపించాడు. ఆంటీకి వినబడాలని స్పీకర్ పెట్టాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి నాయిన మళ్ళీ ఫోన్ చేసి మిషిన్ మీద పెట్టారని చెప్పాడు.

ఆ తర్వాతే నేను ఆ నంబరును సరిగ్గా చూశాను. కొత్త వరుసలోది. పాత పేరుకు కొత్త నంబరు.

మళ్ళీ అదే కమాండ్, అదే పేరు కొట్టాను. కర్సర్ ఆగి ఆగి, ఎవరూ అందలేదంది. ఇంకోసారి. అదే. హాలియా అడిగాను, మూసీ అడిగాను. ఏవీ లేవు. అప్పుడు కూడా దయ్యం అనుకోలేదు. తెర మీద ఉన్నదంతా కాపీ చేసి పెట్టుకుని, కారణం వెతకడం మొదలుపెట్టాను. ఆంటీ "ఏమైందమ్మాయ్, అలా అయిపోయావు" అని అడిగింది. ఏం లేదన్నాను. ఆమె కిందికి పోయి నాకు అన్నం కలిపి తెచ్చింది.

మాస్టారు సాయంత్రం నడిచి స్కూటర్ దిగారు. మరునాడే నాయినతో మళ్ళీ రాష్ట్రం గురించి గొడవ పెట్టుకున్నారు.

ఆఫీసు తెరిచాక మేనేజర్ స్వయంగా సర్వర్ గది తాళం తీశాడు. నేను పక్కనే ఉన్నాను. పేర్లు చెప్పే ఆ పెట్టె ఆగిపోయి ఉంది. కరెంటు పోయినప్పుడు ఆగిన పెట్టె, మళ్ళీ లేవలేదు. దాని బటన్ ఆయనే నొక్కాడు. లేచాక దాని లోపలి రికార్డు చూశాం. బంద్ రోజు తెల్లవారకముందే ఆగిపోయినట్టు, ఇప్పుడు మళ్ళీ లేచినట్టు ఉంది. మధ్యలో ఏమీ లేదు. నేను అడిగిన సమయానికి అది ఇనుప డబ్బా. డిండి అనే పేరు అందులో ఎక్కడా లేదు. సర్వర్ రికార్డులో మాత్రం నేను ఆ మధ్యాహ్నం లోపలికి వచ్చినట్టు స్పష్టంగా ఉంది.

మేనేజర్ నన్ను తన గదిలోకి పిలిచాడు. మాట మెత్తగానే ఉంది.

"చూడమ్మా స్వరూపా. నంబరు నీ దగ్గర ముందే ఉండుండాలి. లేదంటే నర్సింహ ఏదో దొంగదారి పెట్టి పోయుండాలి. రెండిట్లో ఏదో ఒకటి రాసిచ్చెయ్, ఇక్కడితో వదిలేద్దాం."

"రెండూ రాయను సార్. మొదటిది నా మీద అబద్ధం. రెండోది సచ్చిపోయినాయన మీద అబద్ధం" అన్నాను. ఆఫీసులో ఎప్పుడూ జాగ్రత్తగా మాట్లాడేదాన్ని, ఆ రోజు మా ఊరి మాటే వచ్చింది.

ఎలా జరిగిందో నాకు తెలియదు, తెలిసింది మాత్రం ఇది అని ఒక కాగితం రాసి సంతకం పెట్టి ఇచ్చాను. ఆయన దాన్ని తీసుకోలేదు. తెర కాపీ చూపిస్తే నువ్వే టైపు చేసుకుని ఉండొచ్చు కదా అన్నాడు. నా ల్యాప్‌టాప్ తీసుకుని బయటి నిపుణుడికి ఇచ్చారు. సర్వర్ గదిలోకి నన్ను రానివ్వడం ఆపేశారు. ఆ ఏడాది నాకు రావాల్సిన ప్రమోషన్ నా తర్వాత చేరిన అబ్బాయికి పోయింది. అయినా రాయలేదు. ఇప్పుడు అడిగినా రాయను.

ఆ నిపుణుడు ల్యాప్‌టాప్‌ను చాలా రోజులు ఉంచుకున్నాడు. తిరిగి ఇచ్చేటప్పుడు నన్నే పక్కకు పిలిచి ఎన్నో అడిగాడు, తను చూసినవీ చెప్పాడు. పేర్లూ నంబర్లూ చేత్తో రాసి పెట్టుకునే ఫైల్లో డిండి లేదు. పాత జవాబులు దాచుకునే ప్రోగ్రామ్ ఆ ల్యాప్‌టాప్‌లో వేసే లేదు. ఉన్నా, దాచుకున్నది పాత నంబరయ్యేది. లేని పేర్లకు ఇంటర్నెట్ కంపెనీలు తమ సొంత నంబరు ఇచ్చి మోసం చేస్తుంటాయి, అదీ కాదు. ఇది మా ఆఫీసు లోపలి నంబరు, బయటివాళ్ళకు తెలిసే వీలే లేదు. నర్సన్న దొంగదారి పెట్టాడేమోనని సర్వర్లన్నీ గాలించారు. అలాంటిదేమీ దొరకలేదు. పెట్టినా, తను పోయాక వచ్చే నంబరు ఆయనకెలా తెలుస్తుంది?

మనసులో ఎక్కడో ఆ నంబరు ఉండిపోయి, నువ్వే కొట్టి ఉంటావు అని ఒక స్నేహితురాలు అంది. అదే నిజమైతే నాకంటే సంతోషించేవాళ్ళు లేరు. కానీ నేను కొట్టింది పేరు. నంబరు వచ్చింది తెర మీద. దాన్ని చూసి కొట్టాను.

ఉద్యోగం మానేశాక ఒక ఆదివారం బడంగ్‌పేట్ పోయాను. నర్సన్న భార్య అంగన్‌వాడీలో పని చేస్తుంది. నేను ఆమెను వదినా అంటాను. ఆమెకు చెప్పాలా వద్దా అని చాలాకాలం తటపటాయించాను. దణ్ణం పెట్టి ఏడుస్తుందేమోనని భయం. అలా చేస్తే నేను తట్టుకోలేను, వాదించనూ లేను.

ఆమె ఏడవలేదు. బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ అంతా విన్నది. వీపీఎన్ అంటే ఏందని అడిగి చెప్పించుకుంది. నేను ఆపాక, మాస్టారు ఇప్పుడెట్ల ఉన్నారని అడిగింది. బాగున్నారు, కిడ్నీ కోసం పేరు రాయించుకున్నారని చెప్పాను.

"మంచిగున్నడు గదా. ఇగ గదాన్ని పట్టుకుని ఎందుకు తిరుగుతున్నవ్ స్వరూపా?"

నాకు కోపం వచ్చింది. తెలుసుకోవాలి కదా వదినా, కారణం లేకుండా ఏదీ జరగదు కదా అన్నాను. ఆమె చాట పక్కన పెట్టింది.

"తెలుసుకో. నేనొద్దంటలేను. గని ఆయనను అండ్ల నిలబెట్టకు. ఆయన పేరుతోని దండాలు పెట్టనియ్యకు, దొంగ అననియ్యకు. గంతే నాకు గావాల్సింది."

ఆ మాట నేను ఇచ్చాను. ఇది రాసేటప్పుడు కూడా నిలబెట్టుకున్నాననే అనుకుంటున్నాను. జవాబు చెప్పింది ఆయనే అని నేను ఎక్కడా రాయలేదు. రాయను కూడా. నాకు తెలియని దాన్ని తెలుసని చెప్పడం నాకు చేతకాదు.

ఆ తర్వాత మూడు కంపెనీలు మారాను. డీఎన్‌ఎస్ మీద చదవాల్సినవన్నీ చదివాను. నాకన్నా పెద్దవాళ్ళను అడిగాను. కొందరు రాత్రంతా కూర్చుని బొమ్మలు గీసి ఆలోచించారు. చివరికి అందరూ వచ్చి ఆగేది ఒక్క చోటే. ఆగిపోయిన పెట్టె జవాబు చెప్పదు. లేని పేరుకు నంబరు ఉండదు. అవి రెండూ నేనూ ఒప్పుకుంటాను. అయినా ఆ మధ్యాహ్నం నాకు నంబరు వచ్చింది, ఎలా వచ్చిందో ఈ రోజుకూ తెలియదు.

కారణం తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, తలవంచి వింటాను. పొరపాటుగా చూశావని మాత్రం అనకండి. ఆ రోజు ఎల్బీనగర్‌లో మాస్టారి ఒంట్లోంచి తీసిన నీళ్ళు నా కంటి పొరపాటు కాదు.